నది లేని ఊళ్లో తీరం

సోలాపూర్ నడిబొడ్డున నది లేదు. సీనా ఊరి పొలిమేర దాటాక కనిపిస్తుంది, భీమా ఇంకా దూరం, అదిలా వానలు పడితే పారే వాగు. అయినా దేశంలోని నగరాలన్నిటినీ పట్టుకున్న నదీతీర సుందరీకరణ ఆలోచన ఈ ఊరినీ వదల్లేదు. నది లేకపోతేనేం, చెరువులు ఉన్నాయి కదా అనుకున్నారు. ఊరి మధ్య సిద్ధేశ్వర్ తలావ్, మరోపక్క కంబర్ తలావ్ అని జనం పిలిచే సంభాజీ తలావ్, ఊరి బయట హిప్పర్గా చెరువు. వీటి గట్లకు రాయి పరచడం, నడకదారులు వేయడం, దీపాలు పెట్టడం, పూడిక తీయడం ఏదో ఒక పథకం కింద జరుగుతూనే ఉన్నాయి. ఇక్కడ చర్చించవలసింది ఈ పనులు మంచివా చెడ్డవా అని కాదు. నీటి అంచును పదిమందీ వాడుకునే చోటుగా, పది కాలాలపాటు నిలిచే చోటుగా మార్చాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. సోలాపూర్ చెరువు గట్టు భవితవ్యం తేలేది గట్టు మీద కాదు, ఊరికి తూర్పున మన పద్మశాలీల మగ్గాలు ఆడే పేటల్లో, అక్కడి అద్దకపు తొట్టెలు ఖాళీ అయ్యే నాలాల్లో. నీటి లెక్క సరిచేయకుండా గట్టుకు చేసే అలంకారం ఎంత ఖరీదైనదైనా నాలుగు వానాకాలాలకు మించి నిలవదు.

ఈ ఊరికి నీటి చరిత్ర చిన్నది కాదు. సోన్నలిగె అని పేరున్న పన్నెండో శతాబ్దపు పల్లెలో శివయోగి సిద్ధరామేశ్వరుడు జనాన్ని కూడగట్టి చెరువు తవ్వించాడన్నది కన్నడనాట, మహారాష్ట్రలో తరతరాలుగా నిలిచిన కథ. రాఘవాంకుడు ఆయన మీద కన్నడంలో సిద్ధరామ చరిత్ర రాశాడు. ఆ చెరువులోనే సిద్ధేశ్వర ఆలయం, పక్కన భుయికోట్ కోట, ఏటా సంక్రాంతికి ఎత్తైన నందిధ్వజాలతో సాగే గడ్డా యాత్ర. అంటే ఈ ఊరు పుట్టిందే ఒక ప్రజానిర్మాణం చుట్టూ. పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం అదిలా మీద ఏక్రుఖ్ చెరువు కట్టించింది. జనం నోట అదే హిప్పర్గా. 1980లో భీమా మీద ఉజనీ ఆనకట్ట పూర్తయ్యాక నగరం దాహం అటు తిరిగింది. వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి నీరు వస్తోంది. అయినా నాలుగైదు రోజులకొకసారి కుళాయి తిరగడం ఇక్కడి ఇల్లాళ్లకు అలవాటైపోయిన సంగతి. వర్షచ్ఛాయలో ఉన్న తొమ్మిదిన్నర లక్షల జనాభా గల నగరం (ఇది 2011 లెక్క) ఇంత దూరం నుంచి తెచ్చుకున్న నీటిని ఒకసారి వాడి మురికిచేసి వదిలేస్తోంది. గట్టు గురించి మాట్లాడేవాళ్లు ముందుగా చూడవలసిన వైరుధ్యం ఇదే.

ఆ నీటిని వాడే వాళ్లలో మన తెలుగువాళ్ల పాలు పెద్దది. నల్లగొండ, పాలమూరు, కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి నేతగాళ్లు కరువులు తరిమితే, మిల్లులు పిలిస్తే ఇక్కడికి వచ్చారు. 1860 ప్రాంతంలో రైలు వచ్చింది, 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ, జనం భాషలో జునీ మిల్, మొదలైంది. అదే కాలాన దక్కను కరువు ఊళ్లను ఖాళీ చేసింది. సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, అశోక్ చౌక్, దత్తనగర్, ఇంకా తూర్పున అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడ వరకు పూర్వ విభాగ్ అనే ప్రాంతమంతా మగ్గాల చప్పుడే. మార్కండేయ మందిరం, నారళీ పౌర్ణిమనాటి మార్కండేయ రథోత్సవం, బతుకమ్మ పండగ, తెలుగు బోర్డులు, మరాఠీ కలిసిన తెలుగు మాట. చేతిమగ్గం యంత్రమగ్గమైంది, చీర పోయి దుప్పటి, తువ్వాలు వచ్చాయి. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చద్దరు ఈ కార్ఖానాలదే. దాని అందం రంగు నూలుది. జకార్డ్ మగ్గం మీద పూలూ నెమళ్లూ తేలేది ముందే రంగు వేసిన నూలు వల్ల. కిలో నూలును ఉడికించి, తెల్లబరచి, రంగులో ముంచి, కడిగి ఆరబెట్టడానికి పదుల లీటర్ల నీరు కావాలి, పాత పద్ధతిలో అయితే వంద కూడా దాటుతుంది. మగ్గం మీద నీటి చుక్క కనిపించదు గానీ, మగ్గానికి చేరే ప్రతి కండె వెనక ఒక తొట్టె ఉంది, ఆ తొట్టె వెనక ఒక నాలా ఉంది.

ఇటీవలి కాలపు ప్రయత్నాల్లో పెద్దది స్మార్ట్ సిటీ పథకం. 2016 జనవరిలో కేంద్రం తొలి విడతగా ఎంపిక చేసిన ఇరవై నగరాల్లో సోలాపూర్ ఉంది. ఆ పథకం నిర్మాణమే ఒక తీర్పు లాంటిది. నగరమంతటికీ కాకుండా ఎంచుకున్న ఒక ముక్కకు నిధులు కుమ్మరించి దాన్ని నమూనాగా చూపాలన్నది అందులోని సూత్రం. సోలాపూర్‌లో ఆ ముక్క సిద్ధేశ్వర్ తలావ్ చుట్టూ ఉన్న నగరకేంద్రం. రోడ్లు బాగుపడ్డాయి, మైదానాలు రూపు మార్చుకున్నాయి, చెరువు మీద దృష్టి పడింది. ఇందులో తప్పు పట్టవలసినది తక్కువే. నడిబొడ్డున ఉన్న చారిత్రక జలాశయాన్ని కాపాడుకోవడం ఏ నగరానికైనా బాధ్యత. ఇబ్బందల్లా ఆ ముక్క సరిహద్దు దగ్గర మొదలవుతుంది. నీటికి ప్రణాళికా పటంలోని గీతలు తెలియవు. పటంలో లేని పేటల మురుగు భూమిలో ఇంకి, నాలాల్లో పారి, ఎక్కడో ఒకచోట చెరువునో వాగునో సీనానో కలుస్తుంది. 2025 మార్చితో ఆ పథకం గడువు కూడా ముగిసింది. ఇప్పుడు మిగిలింది కట్టిన వాటి నిర్వహణ, కట్టని వాటి ఆలోచన. కాబట్టి వెనక్కి తిరిగి లెక్క చూసుకోవడానికి ఇదే సరైన సమయం.

నదీతీరం అనగానే మన దేశంలో అందరూ చూపే ఉదాహరణ అహ్మదాబాద్. సోలాపూర్‌కు అది ఒక విధంగా దగ్గరి బంధువు. అదీ మిల్లుల ఊరే, మిల్లులు మూతపడి కార్మికవాడలు చిక్కిపోయిన ఊరే. సబర్మతి అభివృద్ధికి 1997లో సంస్థ ఏర్పడింది, 2005లో పని మొదలైంది, 2012 నుంచి తీరం జనానికి తెరుచుకుంది. ఇరువైపులా సుమారు పదకొండు కిలోమీటర్ల నడకదారి, తోటలు, విశాలమైన మెట్లు. సాయంత్రాలు అక్కడ వేలమంది తిరుగుతారన్నది కాదనలేని నిజం. అయితే ఆ నీరు సబర్మతిది కాదు. ఎండాకాలం ఎండిపోయే నదిని నర్మదా కాలువ నీటితో నింపి, వాస్నా బ్యారేజీ దగ్గర ఆపి, నిండుగా ఉంచుతున్నారు. ఒడ్డున బతికిన పదివేలకు పైగా కుటుంబాలు కదలవలసి వచ్చింది. వాళ్లలో చాలామంది హైకోర్టు మెట్లెక్కితే గాని పునరావాసం దొరకలేదు. ఇక బ్యారేజీ దాటాక అసలు సంగతి బయటపడుతుంది. బట్టల అద్దకం కర్మాగారాల వ్యర్థజలంతో, నగరపు మురుగుతో దిగువ సబర్మతి ఎంత చెడిందో చూసి 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఒకే నది, ఒకే ఊరు. బ్యారేజీకి ఎగువన ఫోటోలకు పనికొచ్చే తీరం, దిగువన పశువులు కూడా ముట్టని నీరు. మురుగు సమస్య తీరలేదు, చూపు ఆనని చోటికి జరిగింది. సోలాపూర్ ఈ నమూనాను అలాగే దించుకుంటే నష్టం రెండింతలవుతుంది. ఎందుకంటే నర్మద లాంటి పెద్ద దిక్కు దీనికి లేదు. ఉజనీ నీరు తాగడానికే చాలనప్పుడు గట్టు అందానికి ఎవరిస్తారు?

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చెయోంగ్యెచెయోన్ వాగును కూడా ఇలాగే చూపుతుంటారు. మీద కట్టిన రహదారి వంతెనను 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 కల్లా ఆరు కిలోమీటర్లకు దగ్గరగా ఉన్న వాగును వెలికితీశారు. రహదారిని తొలగించి వాగును తెరవడం సాహసమే. కానీ అక్కడా ఏడాది పొడవునా పారేది ప్రధానంగా హన్ నది నుంచి పంపులతో తోడిన నీరు. సంపన్న నగరం ఆ ఖర్చు భరించగలదు. రోజుల తరబడి కుళాయి కోసం ఎదురుచూసే ఊరు అలంకారానికి పంపులు తిప్పితే దాన్ని ప్రజాస్థలం అనడం కష్టం.

మన తెలుగు చరిత్రలో వేరే పాఠం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు వేలమంది చచ్చిపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చూపు ఊళ్లోని ఒడ్డు దగ్గరే ఆగలేదు. ఊరికి ఎగువన వరదను పట్టి ఉంచే జలాశయాలు కావాలన్నాడు. దాని ఫలితం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఒడ్డు పనులు చూసింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లాంటి భవనాలు ఆ ఒడ్డున లేచాయి. ఒడ్డు అందం, ఊరి రక్షణ, తాగునీరు ఒకే ఆలోచనలో భాగాలు కావడమే ఆ పథకం గొప్పతనం. తరువాతి దశాబ్దాల్లో నగరం ఆ ఆలోచన మరిచి మూసీని మురుగు కాలువ చేసుకుంది. 2017లో ప్రత్యేక సంస్థ, 2024లో ఇళ్ల మీద గుర్తులు, కూల్చివేతలు, రెండు పడకగదుల ఇళ్లకు తరలింపులు అంటూ మళ్లీ మొదటికి వచ్చింది. ఈ రెండు దశలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిది నీటి నుంచి ఒడ్డుకు వచ్చింది. రెండోది ఒడ్డు నుంచి మొదలై నీటి దగ్గరికి ఎప్పుడు చేరుతుందో అన్నట్టుంది. నేతగాడికి ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. పడుగు సాగదీసి అచ్చు ఎక్కించాకే పేక ఆడుతుంది, పువ్వు ఎంత అందంగా గీసుకున్నా సరే.

సోలాపూర్‌కు పడుగు లాంటిది అద్దకపు నీరు. దాన్ని బాగుచేసుకున్న, చేసుకోలేక దెబ్బతిన్న ఊళ్ల అనుభవం మన ముందు ఉంది. తిరుప్పూర్ బనియన్ల పరిశ్రమ నొయ్యల్ నదిలోకి వదిలిన రంగునీరు ఒరత్తుపాళయం జలాశయాన్ని విషపు తొట్టిగా మార్చింది. సాగుకోసం కట్టిన ఆనకట్ట నీరు వదలొద్దని రైతులే అడిగే స్థితి వచ్చింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు యూనిట్లను మూసేయమంది. వందల యూనిట్లకు తాళాలు పడ్డాయి, కూలీలు ఊరు విడిచారు. తరువాత ప్రభుత్వ సాయంతో ఉమ్మడి శుద్ధి కేంద్రాలను చుక్క నీరు బయటికి పోని పద్ధతికి మార్చుకున్నాకే పరిశ్రమ మళ్లీ నిలదొక్కుకుంది. నీటిని తిప్పి వాడటం, ఉప్పును వెనక్కి రాబట్టడం ఖర్చుతో కూడిన పనే, కరెంటు బిల్లు మోత మోగిస్తుంది, మిగిలే ఉప్పు గుట్టలు ఇంకా తలనొప్పే. అయినా ఆలస్యం చేసినందుకు ఆ ఊరు చెల్లించిన మూల్యం దానికంటే పెద్దది. రెండో ఉదాహరణ సూరత్. అక్కడా తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ ఊరి మురుగును మూడంచెల్లో శుద్ధి చేసి, 2014 నుంచి రోజుకు నాలుగు కోట్ల లీటర్ల మేర పాండేసరా బట్టల పరిశ్రమకు అమ్ముతోంది. మురుగు సరుకైంది, పరిశ్రమకు ఎండాకాలంలోనూ నమ్మకమైన నీరు దొరికింది, అంతమేర మంచినీటి మీద ఒత్తిడి తగ్గింది. సోలాపూర్ పక్కనే 1320 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఉంది. మురుగు శుద్ధి కేంద్రానికి యాభై కిలోమీటర్లలోపు ఉన్న థర్మల్ కేంద్రాలు శుద్ధిచేసిన నీటినే వాడాలని 2016 విద్యుత్ టారిఫ్ విధానం చెబుతోంది. అంటే కొనేవాళ్లు ఉన్నారు, నియమం ఉంది, అద్దకపు పేటలో అవసరం ఉంది. వీటిని కలిపే గొట్టం ఒక్కటే గట్టు మీది ఫౌంటెన్ కంటే ముందు వేయాల్సినది.

మిగిలిన నీటిని చెరువుకు చేర్చడానికీ దారి ఉంది. బెంగళూరు ఉత్తరాన జక్కూరు చెరువును చూడవచ్చు. పక్కనే ఉన్న శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు నేరుగా చెరువులో పడదు. ముందు రెల్లు, తుంగ పెంచిన తడినేలలో నెమ్మదిగా పారి, మరికొంత తేరుకుని, అప్పుడు చెరువులో చేరుతుంది. చేపలు పట్టేవాళ్ల బతుకు అక్కడే సాగుతుంది, పక్షులు వస్తాయి, చుట్టుపక్కల బావుల్లో నీరు ఊరుతుంది. రాతి పలకలు పరిచిన అంచు ఈ పని చేయలేదు. అంచు వెంట మట్టి, మొక్క, లోతు తక్కువైన నీరు ఉంటేనే చెరువు ఊపిరి పీల్చుకుంటుంది. మన పాత చెరువులకు కట్ట, తూము, మత్తడి, శిఖం అంటూ వేర్వేరు భాగాలు ఉండేవి. వాన ఎక్కువైతే నీరు పరుచుకోవడానికి శిఖం భూమి ఖాళీగా ఉండేది, మించినది మత్తడి దూకి కింది చెరువుకు పోయేది. సుందరీకరణ పేరుతో చెరువును గిన్నెలా గోడకట్టి బిగిస్తే ఆ వెసులుబాటు పోతుంది. వర్షచ్ఛాయ ఊరికి వరద భయమేమిటని ఎవరైనా అడగవచ్చు. 2025 సెప్టెంబరులో ఇదే సోలాపూర్ జిల్లాలో సీనా పొంగి ఊళ్లకు ఊళ్లు నీటమునిగాయి. ఏడాది కరువు, ఒక్క వారం ప్రళయం అన్న తీరు ఇప్పుడు దక్కను అంతటా పెరుగుతోంది. రెంటికీ పనికొచ్చేది నీటికి చోటు విడిచిన అంచే.

ఇక ప్రజాస్థలం అన్న మాటలో మొదటి సగం. ఎవరి ప్రజ? పూర్వ విభాగ్‌లో మగవాళ్లు కార్ఖానాల్లో పన్నెండు గంటల పాళీలు చేస్తారు. ఆడవాళ్లు ఇంటి గడపలో చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడతారు. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటాక రేకుల కప్పు కింద గాలి ఆడదు. వీళ్లకు చెరువు గట్టు షికారుకు వెళ్లే చోటు మాత్రమే కాదు, చల్లబడే చోటు. వాళ్లకు కావలసింది చెట్టు నీడ, కూర్చునే అరుగు, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి పాళీ దిగి వచ్చేవేళ కూడా తెరిచి ఉండే దారి, పాపాయిని ఆడిస్తూనే బీడీలు చుట్టుకోగల జాగా. టికెట్ గేటు, లేజర్ ప్రదర్శన, తినుబండారాల దుకాణాల వరుస వీటిని భర్తీ చేయలేవు. రోజుకూలీ చేసే ఇంట్లో నలుగురికి టికెట్ అంటే ఒక పూట కూర. మన సంప్రదాయంలో నీటి అంచు ఎప్పుడూ పనీ పండగా కలిసిన చోటే. రేవులో బట్టలు ఉతికారు, పశువులను కడిగారు, బతుకమ్మను సాగనంపారు. తంగేడు, గునుగు పూలు నీట కరిగి చెరువుకు మేలే చేసేవి. ఇప్పుడు థర్మోకోల్, ప్లాస్టిక్, రసాయనపు రంగుల విగ్రహాలు వాటి స్థానంలో వచ్చాయి కనుక నిమజ్జనానికి వేరే గుంటలు కట్టక తప్పదు. కానీ ఆ పేరుతో పూల బతుకమ్మను కూడా గట్టుకు దూరం చేస్తే, చెరువుకూ ఆడవాళ్లకూ ఉన్న పాత బంధం తెగిపోతుంది.

ఈ వాదానికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బలమైనది. నాలుగు రోజులకొకసారి నీళ్లొచ్చే ఊళ్లో ముందు కుళాయి సంగతి చూడాలి గాని చెరువు గట్లు, తడినేలలు ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. కానీ కుళాయి సమస్య ఒక్క గొట్టంతో తీరదు. ఎంత దూరం నుంచి ఎన్ని గొట్టాలు వేసినా, వచ్చిన నీటిని ఒక్కసారే వాడి పారేసే అలవాటు ఉన్నంతకాలం కొరత వెంటాడుతుంది. పరిశ్రమకూ విద్యుత్ కేంద్రానికీ శుద్ధిచేసిన నీరు మళ్లితే మిగిలేది తాగునీరే. చెరువులు, బావులు నిండితే ట్యాంకర్లు తగ్గుతాయి. కనుక ఇక్కడ ప్రతిపాదిస్తున్నది కుళాయికి పోటీ పని కాదు, కుళాయి పనిలో రెండో సగం. పైగా ఆ పేటల్లో బోరునీటి మీద ఆధారపడే ఇళ్లు ఎన్నో. రంగునీరు భూమిలో ఇంకితే ముందు దెబ్బ తగిలేది ఆ అద్దకం చేసేవాళ్ల ఇంటి బోరుకే.

రెండో అభ్యంతరం కార్ఖానాదారులది. శుద్ధి భారం మోపితే మగ్గాలు మూతపడతాయి, పానిపట్టు దుప్పటి, యంత్రాల మీద వచ్చే చౌక తువ్వాలు ముందే మమ్మల్ని తినేస్తున్నాయి అంటారు. ఈ భయం ఊహ కాదు. నాలుగు తొట్టెల చిన్న అద్దకపువాడు సొంతంగా శుద్ధి యంత్రం పెట్టుకోలేడు, పెట్టుకోమని నోటీసు ఇవ్వడం అతన్ని మూసుకోమనడమే. అందుకే ఉమ్మడి కేంద్రం, అందులో ప్రజాధనం వాటా, వాడిన నీటిని బట్టి రుసుము అన్న పద్ధతి కావాలి. కొందరి వ్యాపారానికి ప్రజాధనమెందుకని అడిగేవాళ్లకు ఈ ఊరి చరిత్రే జవాబిస్తుంది. 1949లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ మూతపడితే, ఉత్పత్తి ఆగి కార్మికులు రోడ్డున పడతారని కేంద్రం 1950 జనవరిలో ప్రత్యేక ఆర్డినెన్సు తెచ్చి దాన్ని తన నిర్వహణలోకి తీసుకుంది. ఒక వాటాదారు సవాలు చేస్తే, చిరంజిత్‌లాల్ చౌధురి కేసులో సుప్రీంకోర్టు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన చట్టాన్ని నిలబెట్టింది. కొత్త రాజ్యాంగం కింద సమానత్వపు హక్కు మీద వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో అదొకటి. ఒక్క మిల్లు పనిని ప్రజాప్రయోజనంగా చూడగలిగిన రాజ్యం, వేల మగ్గాలకూ నగరపు నీటికీ కలిపి పనికొచ్చే శుద్ధి కేంద్రాన్ని అలా చూడలేకపోవడానికి కారణం కనిపించదు. మరోవైపు విదేశాలకు తువ్వాళ్లు పంపేవాళ్లను కొనుగోలుదారులే ఇప్పుడు నీటి లెక్క అడుగుతున్నారు. శుద్ధి లేకపోవడం కూడా ఒక ఖర్చే, బిల్లు ఆలస్యంగా వస్తుంది అంతే.

మూడోది, గట్ల మీద ఉన్న గుడిసెలు, బండ్లు తీయకుండా ఏ తీరమూ బాగుపడదన్న వాదన. చెరువు శిఖంలో ఇళ్లు ఉండటం ఇళ్లవాళ్లకే ప్రమాదమన్నది నిజం. అయితే తరలింపును ఎలా చేయాలో ఈ పేటలు దేశానికే చూపించాయి. ఇళ్లులేని బీడీ కార్మిక స్త్రీలు నరసయ్య ఆడం నాయకత్వంలో సంఘటితమై, కుంభారీ దగ్గర గోదుతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్లు కట్టుకున్నారు. 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అందించారు. అదే కుంభారీలో ముప్ఫైవేల ఇళ్లతో తలపెట్టిన రేనగర్‌లో పదిహేనువేల ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ పంచారు. ఇక్కడ ఇల్లు ముందు అడిగింది కార్మికులే, స్థలమూ వాటాధనమూ కూడబెట్టిందీ వాళ్లే. బుల్డోజర్ ముందు వచ్చి ఇల్లు తరువాత వచ్చే పద్ధతికీ దీనికీ పోలిక లేదు. ఈ విజయంలోనూ ఒక హెచ్చరిక ఉంది. ఊరి శ్రామికులు పది కిలోమీటర్ల అవతలికి జరిగాక, నడిబొడ్డు చెరువుకు పెట్టే ప్రతి రూపాయి వాళ్లకు దూరంగానే ఖర్చవుతుంది. కాబట్టి కుంభారీ వైపు వాగులు, కుంటలు, నాలాల అంచులు కూడా ఈ ప్రణాళికలోకి రావాలి. ఒక్క పెద్ద తీరం కంటే నడిచి వెళ్లగల పది చిన్న అంచులు ఈ ఊరికి ఎక్కువ అవసరం.

చివరి అభ్యంతరం నిర్వహణది. గేటూ టికెట్టూ లేకపోతే రెండేళ్లకే అంతా చెత్త అవుతుందంటారు. దీనికి కొంత ఆధారం ఉంది. పట్టించుకునేవాడు లేని ఉమ్మడి చోటు పాడవుతుంది, ఎన్నో నగరాల పార్కులు అందుకు సాక్ష్యం. కానీ పట్టించుకునేవాడు కాంట్రాక్టరే కావాలన్న నియమం లేదు. సహకార పద్ధతి పూర్వ విభాగ్‌కు కొత్త కాదు. ఈ జనమే మార్కండేయ పేరిట సహకార ఆసుపత్రి నిలబెట్టుకున్నారు, బడులు నడుపుకుంటున్నారు, ఇళ్ల సంఘాలు కట్టుకున్నారు. చెరువుకో సంఘం పెట్టి, అందులో చేపలు పట్టేవాళ్లకు, గట్టు మీది చిరువ్యాపారులకు, బీడీ కార్మిక స్త్రీలకు, అద్దకపువాళ్లకు చోటిచ్చి, శుద్ధిచేసిన నీరు అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత దానికి కేటాయిస్తే గేటు అవసరం తగ్గుతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం బండ్లవాళ్లకు హక్కు ఇచ్చింది. వాళ్లను తరిమే బదులు గట్టుకు కాపలాదారులుగా చేసుకోవచ్చు. తమ బేరం ఆ నీటి వాసన మీద ఆధారపడినవాళ్లకంటే జాగ్రత్తగా దాన్ని చూసేవాళ్లు దొరకరు.

ఇన్ని నమూనాలు చూశాక పనుల వరుస దానంతటదే తేలుతుంది. ముందు అద్దకపు పేటల నాలాలకు ఉమ్మడి శుద్ధి. ఆ వెంటనే నగరపు మురుగును శుద్ధిచేసి పరిశ్రమకు తిప్పే గొట్టం. మూడోది చెరువుల అంచున తడినేలలు, వరదకు విడిచిన ఖాళీ. నాలుగోది నీడ, అరుగు, దారి. దీపాలు, రాతిపలకలు, ప్రదర్శనలు ఏమైనా మిగిలితే ఆఖరున. ఈ వరుసలో తొందరగా ప్రారంభోత్సవం చేసుకునేందుకు ఏమీ ఉండదు. భూమిలో పాతిన గొట్టానికి రిబ్బను కత్తిరించడం కష్టం, రాజకీయంగా ఇది చిన్న అడ్డంకి కాదు. కానీ సోలాపూర్ చెరువులు బాగుపడ్డాయో లేదో తెలుసుకోవాలంటే గట్టు మీద నిలబడితే చాలదు. సాయంత్రం అద్దకపు తొట్టెలు ఖాళీ చేసే వేళకు పూర్వ విభాగ్‌లోని ఏదో ఒక నాలా దగ్గరికి వెళ్లాలి. అక్కడి నీరు ఆరోజు వేసిన చద్దరు రంగులో పారుతుంటే, సిద్ధేశ్వర్ గట్టు మీద ఎన్ని దీపాలు వెలిగినా పని ఇంకా మొదలుకాలేదనే అర్థం.